డైట్, ఫిట్‌నెస్ వీడియోలు చేసేవాళ్లలో ఎవరిని నమ్మాలి?

మీరు అడిగింది ఇదీ. అమ్మగారికి 56 ఏళ్లు, షుగరుకీ బీపీకీ మాత్రలు వేసుకుంటున్నారు. ఒక యూట్యూబ్ ఛానల్ చూసి అన్నం పూర్తిగా మానేశారు. పొద్దున్నే సొరకాయ జ్యూసు తాగుతున్నారు, సాయంత్రం ఆరు దాటితే ఏమీ ముట్టడం లేదు. తమ్ముడేమో ఇన్‌స్టాలో ఒక ట్రైనరు ఇచ్చిన కూపన్ కోడ్‌తో ప్రోటీన్ పౌడరు, ఫ్యాట్ బర్నరు (కొవ్వు కరిగిస్తుందని అమ్మే మాత్రలు) తెప్పించుకున్నాడు. ఏమన్నా అంటే ఇద్దరూ "లక్షల మంది చూస్తున్నారు, వాళ్లంతా పిచ్చివాళ్లా?" అంటున్నారు. ఇలాంటివాళ్లలో ఎవరి మాట నమ్మొచ్చో ఎలా తెలుసుకోవాలి అని.

నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌ని. ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది ఈమధ్య ఫైలుతో పాటు ఫోన్లో ఒక వీడియో కూడా తీసి పెట్టుకుని వస్తారు. వాళ్లు చూపించినవి ఓపిగ్గా చూస్తాను. అందులో నిజంగా మంచివి ఉన్నాయి, మనుషుల్ని ఐసీయూకి పంపేవీ ఉన్నాయి. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు అమ్మగారి సంగతి, అది ఆగేది కాదు. ఆవిడ మాత్రల అట్ట వెనక గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి పేర్లున్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా, అన్నం మానేసి రాత్రి పస్తుండటం వల్ల అర్ధరాత్రి షుగరు బాగా పడిపోవచ్చు. తినే తిండికి సరిపడేలా రాసిన మందు అది. తిండి తగ్గి మందు అంతే ఉంటే చెమటలు, వణుకు, తికమక వస్తాయి, ఒక్కోసారి స్పృహ కూడా తప్పుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వేసుకుంటుంటే ప్రమాదం ఇంకోలా ఉంటుంది. పిండిపదార్థం పూర్తిగా ఆపేస్తే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు రక్తంలో పేరుకుని ఆమ్లం పెరగొచ్చు, అప్పుడు గ్లూకోమీటర్లో షుగరు మామూలుగానే కనిపించవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే "షుగరు బాగానే ఉందిగా" అని ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రేపే ఆ మందులు రాసిన డాక్టరుకి ఫోన్ చేసి, అమ్మగారు ఏం తింటున్నారో, ఏం మానేశారో చెప్పండి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. అప్పటిదాకా ఆవిణ్ణి పస్తుంచవద్దు.

సొరకాయ జ్యూసు చేదుగా ఉంటే మాత్రం ఒక్క గుక్క కూడా మింగకూడదు. చేదు సొరకాయలో కుకుర్బిటసిన్లు అనే విషపదార్థాలు ఉంటాయి. రక్తపు వాంతులై ప్రాణాలు పోయిన కేసులు మన దేశంలో ఉన్నాయి, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణుల కమిటీ దీనిమీద హెచ్చరిక కూడా ఇచ్చింది. "చేదు ఒంటికి మంచిది" అనుకుని తాగేస్తారు మనవాళ్లు.

ఇప్పుడు ఆ వీడియో తెరిచి చూడండి. పైన నేను రాసినదాంట్లో ఒక్క ముక్కయినా అందులో ఉందా? షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరుని అడిగి డోసు సరిచేయించుకోండి అన్న మాట ఎక్కడైనా వచ్చిందా? ఎవరినైనా తూచడానికి నేను మొట్టమొదట చూసేది ఇదే. చెప్పే పద్ధతి ఎవరికి పనికొస్తుందో అందరూ చెప్తారు. ఎవరికి పనికిరాదో చెప్తున్నారా, లేదా? డిగ్రీ, ఫాలోయర్లు, ఒళ్లు, మాటకారితనం అన్నీ దీని తర్వాతే.

ఒక ఉదాహరణ చెప్తాను. రిటైరైన టీచరుగారు ఒకాయన, అలసట, కాళ్లలో సత్తువ లేకపోవడంతో వచ్చారు. పొటాషియం 6 దాటి ఉంది, మామూలుగా 5 లోపు ఉండాలి. కిడ్నీ అంతకుముందే కొంత దెబ్బతిని ఉంది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఏం తింటున్నారని అడిగితే రోజుకి రెండు కొబ్బరి బోండాలు, ఒక పెద్ద గ్లాసు ఆకుకూరల జ్యూసు, కూరల్లోకి మామూలు ఉప్పు బదులు బీపీకి మంచిదని లో సోడియం ఉప్పు. ఆ ఉప్పులో సోడియం తగ్గించి దాని స్థానంలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కొబ్బరినీళ్లలో, ఆకుకూరల్లో కూడా పొటాషియం ఎక్కువే, దెబ్బతిన్న కిడ్నీ దాన్ని సరిగ్గా బయటికి పంపలేదు. మూడూ కలిసి ఆయన గుండె లయ మీదకు తెచ్చాయి. ఫోన్లో వీడియో చూపించారు. కిడ్నీ బాగున్నవాళ్లకి అందులో చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ వీడియో మొత్తంలో కిడ్నీ అన్న మాటే లేదు. ఇలాంటి ఉప్పును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో సిఫారసు చేసినప్పుడు కూడా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ సిఫారసు వర్తించదని స్పష్టంగా రాసింది.

"మరి అంతమందికి తగ్గిందిగా, వాళ్లే వచ్చి చెప్తున్నారుగా" అంటారు. మన తెలుగువాళ్లకి దీని జవాబు ఇంకెవరికన్నా బాగా తెలిసుండాలి. మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పు, నూనె మానేయమన్నారు. 2017, 18 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణగారు అన్నం మానేసి రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు తీసుకోమన్నారు. ఖాదర్ వలీగారు బియ్యం, గోధుమ వదిలి కొర్రలు, అండుకొర్రలు, సామలు తినమన్నారు. ఒకరు వద్దన్న నూనెను ఇంకొకరు గ్లాసులో పోసుకోమన్నారు. ఒకరు వద్దన్న ధాన్యాన్ని మరొకరు వేరే రూపంలో మూడు పూటలా పెట్టారు. ముగ్గురి దగ్గరా బరువు తగ్గినవాళ్లు, షుగరు దిగినవాళ్లు వేలమంది ఉన్నారు, వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. ఒకదానికొకటి పొంతన లేని మూడు పద్ధతులకీ అంతే గట్టి సాక్ష్యాలు ఉన్నాయంటే, ఆ సాక్ష్యాన్ని బట్టి ఏ పద్ధతి గొప్పదో తేలదు.

మూడింట్లోనూ కామన్‌గా జరిగేది వేరే ఉంది. పొద్దున పూరీ, పదకొండుకి రెండు చెంచాల చక్కెరతో టీ, దాంతో బిస్కెట్లు, సాయంత్రం మిర్చి బజ్జీ, రాత్రి పదిన్నరకి బిర్యానీ, ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఎన్నో ఏళ్ల తర్వాత మనిషి తన కంచం వైపు శ్రద్ధగా చూడటం మొదలుపెడతాడు, రోజూ బరువు చూసుకుంటాడు, నడుస్తాడు. ఎవరి పేరు మీద మొదలుపెట్టినా ఇంతవరకు మేలే. పడనివాళ్లు, మధ్యలో వదిలేసి బరువు మళ్లీ పెరిగినవాళ్లు మైకు పట్టుకోరు, వాళ్లని ఎవరూ పిలవరు కూడా.

షుగరు "రివర్స్" అవుతుందనే మాట పూర్తిగా అబద్ధమనీ అనను. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన జరిగింది, ఫలితాలు 2017లో వచ్చాయి. రోజుకి సుమారు 850 కేలరీల తిండితో కొన్ని నెలలు నడిపిస్తే, ఏడాది తర్వాత 46 శాతం మందికి మందుల్లేకుండా షుగరు అదుపులో ఉంది. రెండో ఏడాదికి అది 36 శాతానికి తగ్గింది. అందులోకి ఎవరిని తీసుకున్నారో చూడండి. షుగరు వచ్చి ఆరేళ్లు మించనివాళ్లను, ఇన్సులిన్ అవసరం లేనివాళ్లను తీసుకున్నారు. మొదటిరోజే షుగరు మందులు ఆపి, ఆరోగ్య సిబ్బంది పర్యవేక్షణలో నడిపారు. నిజాయితీ ఉన్నవాళ్లు ఈ వివరాలన్నీ చెప్పి "మీకు పదిహేనేళ్ల షుగరైతే ఇది ఇలా పనిచేయకపోవచ్చు" అంటారు. అమ్ముకునేవాళ్లు "రివర్స్ అవుతుంది" దగ్గర ఆపేస్తారు.

చెప్పేవాళ్ల నిజాయితీని మీరే పరీక్షించే దారి ఒకటుంది. వీడియో కింద కామెంట్లలోకి వెళ్లి "నాకు క్రియాటినిన్ 1.8 ఉంది" (అంటే కిడ్నీ సరిగ్గా పనిచేయడం లేదని), "నేను గర్భవతిని", "స్టెంట్ వేశారు" అని ఎవరైనా అడిగారేమో వెతకండి. తప్పకుండా అడిగి ఉంటారు. జవాబు ఏమొచ్చిందో చూడండి. "మీకు ఇది వద్దు, ముందు మీ డాక్టరుని కలవండి" అని ఉంటే ఆ మనిషి మీద నాకు గౌరవం పెరుగుతుంది. "వాట్సాప్ చేయండి, మీకోసం స్పెషల్ ప్యాకేజీ ఉంది" అని ఉంటే ఇక ఆ ఛానల్ చూడక్కర్లేదు. అసలు అలాంటి ప్రశ్నలే కనపడకపోతే తీసేస్తున్నారేమో అని కూడా అనుమానించాలి.

డిగ్రీల విషయం. పేరుకి ముందు డాక్టర్ అని ఉంటే ఏ డాక్టరో అడగాలి. ఎంబీబీఎస్, పళ్ల వైద్యం చదివిన బీడీఎస్, ఆయుర్వేదం చదివిన బీఏఎంఎస్, ప్రకృతి వైద్యం చదివిన బీఎన్‌వైఎస్, ఫిజియోథెరపీ, చివరికి ఏదో సబ్జెక్టులో పీహెచ్‌డీ, అందరూ ఆ మాట వాడతారు. పళ్ల డాక్టరు పళ్ల గురించి చెప్తే వింటాను, థైరాయిడ్ మందు ఆపేయమంటే వినను. అల్లోపతి వైద్యుల రిజిస్ట్రేషన్ నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైటులో పేరుతో వెతికి చూసుకోవచ్చు. మా రంగంలో ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష పెట్టి రిజిస్టర్డ్ డైటీషియన్ గుర్తింపు ఇస్తుంది. "న్యూట్రిషనిస్ట్", "వెల్‌నెస్ కోచ్" అనే మాటలు వారాంతపు ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్లు కూడా పెట్టుకుంటున్నారు. ఆరోగ్యం, పోషణ గురించి చెప్పే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ అర్హత ఏమిటో చెప్పాలని ప్రకటనల మండలి ఆస్కీ 2023 ఆగస్టులో నిబంధన పెట్టింది, అదే నెలలో వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా ఇలాంటి మార్గదర్శకాలే ఇచ్చింది. అయినా డిగ్రీ ఉన్నంత మాత్రాన చాలదు. పెద్ద చదువులు చదివి పౌడర్లు అమ్మేవాళ్లనీ చూశాను. వైద్యంలో గానీ పోషకాహారంలో గానీ డిగ్రీ లేకుండా మంచి పని చేసినవాళ్లూ ఉన్నారు.

అలాంటివాళ్లలో రేవంత్ హిమత్‌సింగ్కా ఒకరు, ఫుడ్ ఫార్మర్ పేరుతో వీడియోలు చేస్తారు. 2023 ఏప్రిల్‌లో బోర్న్‌వీటాలో చక్కెర ఎంత ఉందో చెప్తూ వీడియో పెట్టారు. కంపెనీ లీగల్ నోటీసు పంపితే తీసేసి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. కానీ విషయం అక్కడితో ఆగలేదు. బాలల హక్కుల కమిషన్ కలగజేసుకుంది, కంపెనీ ఆ తర్వాత చక్కెర కొంత తగ్గించింది, 2024 ఏప్రిల్‌లో ఇలాంటి పానీయాలను "హెల్త్ డ్రింక్" వర్గంలో పెట్టొద్దని కేంద్రం ఈ-కామర్స్ సైట్లకి చెప్పింది. ఆయన మాటలో బలం ఎక్కడిది? డబ్బా మన వంటింట్లోనే ఉంది, తిప్పి చదివితే చక్కెర అంకె మనకే కనపడుతుంది. మనిషిని నమ్మాల్సిన అవసరమే లేకుండా చెప్పారు. ఇలా మనమే సరిచూసుకునే వీలిచ్చేవాళ్లను నేను ధైర్యంగా చూడమంటాను.

సరిచూసుకునే అంకెలు ఒకటి రెండు మీ దగ్గర ఉంచుకోండి. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. ఇంట్లో పని చేసుకునే ఆవిడ రోజుకి ఓ 1,800 కేలరీలు ఖర్చు పెడుతుందనుకుందాం. పది రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకపోయినా 18,000, అంటే రెండుంపావు కిలోల కొవ్వు. మరి "పది రోజుల్లో ఏడు కిలోలు" ఎలా తగ్గుతారు? మిగిలిందాంట్లో చాలావరకు నీరే. ఒంట్లో పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది, అది ఒక్కో గ్రాముకి సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం, రొట్టె ఆపగానే గ్లైకోజెన్ తగ్గి ఆ నీరు పోతుంది, మళ్లీ తిన్న వారానికి తిరిగొస్తుంది. ఇదంతా తెలిసీ తంబ్‌నెయిల్ మీద ఏడు కిలోలు అని రాసేవాళ్లు తక్కిన విషయాల్లో నిజం చెప్తారని నేను అనుకోను.

మాట నిజమే అయినా దారి తప్పించేవి ఇంకా కష్టం. "పల్లీల్లో చికెన్ కన్నా ప్రోటీన్ ఎక్కువ" అనే రీలు మీరూ చూసే ఉంటారు. 100 గ్రాముల పల్లీల్లో 25 గ్రాములు, పచ్చి చికెన్ బ్రెస్ట్‌లో 22, కాబట్టి మాట అబద్ధం కాదు. కానీ ఆ పల్లీలతో పాటు 550 కేలరీల పైన వస్తాయి, చికెన్‌తో 120 దరిదాపుల్లో. బరువు తగ్గాలని గిన్నెడు పల్లీలు తినే మా పేషెంట్లకి ఆ రెండో అంకె ఎవరూ చెప్పలేదు. ఎవరైనా పోలిక చెప్తే "దేనితో పాటు ఏం వస్తోంది?" అని అడిగి చూడండి. మన ఆహార పదార్థాల అంకెలకి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలున్నాయి, 2024 మేలో వాళ్లే ఇచ్చిన భారతీయుల ఆహార మార్గదర్శకాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. వీడియోలా ఆసక్తిగా ఉండదు గానీ, అందులో మీకు ఏదీ అమ్మేవాళ్లు లేరు.

ఇక తమ్ముడి విషయం. ఒళ్లు చూసి నమ్మే కుర్రాళ్లకి లివర్ కింగ్ సంగతి తప్పకుండా చెప్పాలి. అమెరికాలో బ్రయన్ జాన్సన్ అనే ఆయన పచ్చి లివర్ తింటూ, పూర్వీకుల పద్ధతిలో బతికితే ఇలాంటి ఒళ్లు వస్తుందంటూ లక్షల ఫాలోయర్లను పోగేశారు, సప్లిమెంట్లు అమ్మారు. స్టెరాయిడ్లు వాడలేదని పదేపదే చెప్పారు. 2022 చివర్లో ఆయన ఈమెయిల్స్ బయటపడ్డాయి. అలాంటి మందుల మీద నెలకి 11,000 డాలర్ల పైనే ఖర్చవుతోందని తేలింది. ఆ డిసెంబరులో ఆయనే వీడియో పెట్టి ఒప్పుకున్నారు. జనం కొన్నది లివర్ మాత్రలు, ఒళ్లు వచ్చింది ఇంజెక్షన్ల వల్ల. ఒళ్లు సాక్ష్యంగా పనికిరాదు అంటే ఇందుకే. అది ఎక్కణ్నుంచి వచ్చిందో మనకి కనపడదు. లైటింగు, వ్యాయామం చేసిన వెంటనే తీయడం, ఊపిరి బిగబట్టడం, వీటితో బిఫోర్, ఆఫ్టర్ రెండు ఫోటోలూ ఒకే రోజు తీయొచ్చు.

ఫ్యాట్ బర్నరు మాత్రం ఈరోజే ఆపించండి. చాలావాటిలో ఉండేది కెఫీనే, గుండె దడ, నిద్ర పట్టకపోవడం తప్ప పెద్దగా ఒరిగేదేమీ లేదు. భయమల్లా లేబుల్ మీద రాయనివాటి గురించి. గుండెకి ముప్పని 2010లో అమెరికాలో మార్కెట్ నుంచి తీసేసి, 2011లో మన దేశంలో నిషేధించిన సిబుట్రమైన్, బరువు తగ్గించే సప్లిమెంట్లలో దొంగచాటుగా కలిపి ఉన్నట్టు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మళ్లీ మళ్లీ బయటపెడుతూనే ఉంది.

ప్రోటీన్ పౌడరు అంత ప్రమాదం కాదు, కానీ అవసరమా అన్నది లెక్క. తమ్ముడు 65 కిలోలు అనుకుందాం. మామూలు మనిషికి కిలోకి 0.83 గ్రాములని పోషకాహార సంస్థ చెప్తుంది, అంటే రోజుకి 54. బరువులెత్తేవాళ్లకి కిలోకి 1.6 గ్రాముల దాకా ఉపయోగం ఉంటుంది, అంటే 104. మూడు గుడ్లలో 19, 150 గ్రాముల చికెన్‌లో 33, అర లీటరు పాలు, పెరుగు కలిపి 16, 60 గ్రాముల కందిపప్పులో 13, రోజంతా తినే పావు కిలో బియ్యంలో 19 వస్తాయి. అక్కడికే వంద అయింది. డబ్బా పెట్టిన ఖర్చుతో ఎన్ని అట్టల గుడ్లు వస్తాయో వాణ్ణే లెక్క వేయమనండి. 2024లో కేరళ వైద్యులు మన మార్కెట్లోని 36 రకాల ప్రోటీన్ పౌడర్లను పరీక్షిస్తే దాదాపు 70 శాతంలో ప్రోటీన్ గురించి రాసింది సరిగ్గా లేదు, కొన్నింట్లో రాసినదానిలో సగమే ఉంది. శాకాహారులకో, సరిగ్గా తినే వీలులేనివాళ్లకో పౌడరు పనికొస్తుంది, కాదనను. డబ్బా మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి, అది ఆ సంస్థ లైసెన్సుల సైటు ఫాస్కోస్‌లో కొట్టి చూసుకోవచ్చు. ఆ నంబరు లైసెన్సు ఉందని చెప్తుంది, కండ పెరుగుతుందని కాదు.

కూపన్ కోడ్ ఇచ్చే ట్రైనరు సంగతి. డబ్బు తీసుకున్నా, ఉచితంగా సరుకు తీసుకున్నా ఆ విషయం వీడియోలో స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటన చేస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ప్రచారం చేసినవాళ్లకి కూడా 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంది. షుగరు, ఊబకాయం, క్యాన్సర్ లాంటివాటిని మందుతో నయం చేస్తామని ప్రకటించడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. వీడియోలో అలాంటిది కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. అమ్మే ప్రతివాడూ అబద్ధాలకోరు కాదు, నేనూ ఫీజు తీసుకునే సలహా చెప్తాను. కానీ ఒకే వీడియోలో ముందు భయపెట్టి, వెంటనే ఆ భయానికి తన దగ్గరే ఉన్న డబ్బా చూపిస్తే అక్కడ ఆగి ఆలోచించాలి.

అమ్మగారితో గొడవ పెట్టుకోవద్దు. ఆవిడ తన ఆరోగ్యం కోసం ఒక ప్రయత్నం మొదలుపెట్టారు, అది చాలా విలువైనది. అన్నం పూర్తిగా మానకుండా సగానికి తగ్గించి, కూర, పప్పు పెంచి, రాత్రి భోజనం త్వరగా ముగించి పడుకోవడం చాలామంది షుగరువాళ్లకి మంచిదే, మందుల డోసు దానికి తగ్గట్టు సరిచేస్తే. ఆవిడ పక్కన కూర్చుని ఆ వీడియో ఒకసారి పూర్తిగా చూడండి, షుగరు మాత్రల మాట ఎక్కడైనా వస్తుందేమో ఇద్దరూ కలిసి వినండి. మాత్రల పేర్లు, చివరిసారి చేయించిన క్రియాటినిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) ఎంతో ఇక్కడ రాస్తే, డాక్టరుగారిని ఏమేం అడగాలో నేను రాసిపెడతాను.